కొమ్మ మీద కటారు

మీరెప్పుడైనా నూనె రంగుతో పప్పన్నం తిన్నారా? నేను తిన్నాను. ఒక ఎండాకాలమంతా తిన్నాను. రంగు పప్పులో కలపలేదు లెండి, వసారా గోడకు ఆనించిన పెద్ద రేకు మీద పూశారు. కానీ రాజూరా ఎండకు ఆ రంగు ఆరదు, కరుగుతుంది. కరిగి వాసనై లేస్తుంది. లేచి నేరుగా వచ్చి మనం నోటిదాకా తెచ్చిన ముద్దలో కూర్చుంటుంది. ఈగలు దానిమీద వాలి, అంటుకుని, కాళ్లు కొట్టుకుని చచ్చేవి. ఆ చచ్చిన ఈగల నడుమ మా తాతముత్తాతలుండేవారు. అందరికంటే పైన నేనుండేవాణ్ని.

ఆ ఏడు మమ్మల్ని చాందాలో కలిపారు. చంద్రపూర్‌కు అప్పటికింకా పూరు పూర్తికాలేదు, వట్టి చాందాయే. మేము మొదట ఆదిలాబాదు వాళ్లం. రాష్ట్రాలు విడగొట్టి అతికించినప్పుడు నాందేడు వాళ్లమయ్యాం. నాందేడుకు దారి తెలుసుకునేలోపే చాందా వాళ్లమయ్యాం. కట్టుకొయ్య వదలకుండా మూడు జిల్లాలు తిరిగిన ఘనత మా ఊరి బర్రెలది కూడా.

కొత్త జిల్లా అంటే కొత్త దఫ్తరు. పాత కాగితాలన్నీ ఉర్దూలో, కొత్త సాహెబులందరూ మరాఠీలో. నాయబ్ తహసీల్దారు ఊరూరికీ వచ్చి, ఎవరి భూమి ఎవరిదో అడిగి, మళ్లీ రాసుకుంటాడని కోత్వాలు ఎల్లన్న డప్పు కొట్టి చాటాడు.

"పొయ్యికొక్కలు హాజరు గావాలె! ఎవల వంశం వాళ్లు జెప్పుకోవాలె!"

పొయ్యికొకరు అన్నాడు, ఇంటికొకరు అనలేదు. మా ఊళ్లో ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి. ఎన్ని పొయ్యిలో అన్ని ఇళ్లు. ఒక పొయ్యి మీద తినేవాళ్లందరికీ ఒకడే పెద్ద, ఆయనదే మాట. వేరుపడదలచినవాళ్లు ఆ ఇంటి పెద్దకోడలిని అడిగి, పాత పొయ్యిలోంచి నిప్పు తీసుకుని కొత్త పొయ్యి రాజేసుకోవాలి. అగ్గిపుల్ల గీసి అంటించుకున్న పొయ్యికి ఊరు ఒప్పుకోదు. అది చలిమంటతో సమానం.

మా పొయ్యికి పెద్ద మా నాయన బాపురావు పటేలు. నేను బాపు అనేవాణ్ని. పేరులోనే బాపు ఉంది గనక ఆయన ఊరంతటికీ తండ్రిననుకునేవాడు. తండ్రి ప్రేమ మాత్రం ఎక్కువగా పొలాల మీద చూపేవాడు. ఆయన తమ్ముడు సమ్మన్న, మా చిన్నాయన, అంతకు ముందటి వానాకాలం జ్వరంతో పోయాడు. ఆయన భార్య సత్తమ్మ, కూతురు భూదేవి మా ఇంట్లోనే, మా పొయ్యి మీదే. మా పొయ్యి మీదే అన్నాను గానీ, ఆ పొయ్యి దగ్గర పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చునేది సత్తమ్మ చిన్నమ్మే. చిన్నాయన వాటాకు వార్ధా ఒడ్డున నల్లరేగడి చేను ఉంది. అందులో ఆయన తన చేతులతో తవ్విన బావి ఉంది. భార్యకూ బిడ్డకూ వాటా ఉందని చట్టం అప్పటికే వచ్చింది. అది ఢిల్లీలో పుట్టి, చేపలా ఈది, కప్పలా గెంతి, తొండలా పాకుతూ మా ఊరివైపు వస్తోంది. ఇంకా రెండుకాళ్ల మీద లేచి నిలబడలేదు.

చట్టం నిలబడేలోపు ఆ చేను తన పేర రాయించుకోవాలన్నది మా బాపు తొందర.

*

నేను నాగపూర్‌లో బి.ఎస్సీ.కి పోయి, రెండుసార్లు తప్పి, సీదా ఇంటికొచ్చి కూర్చున్నవాణ్ని. హైదరాబాదు మిత్రుడొకడు పంపే తెలుగు వారపత్రిక చదువుతూ వసారాలో పడుకునేవాణ్ని. ఆ వారం సంపాదకీయం పక్కన అరపేజీ బొమ్మ వేశారు. బాపుకు ఉర్దూ తప్ప చదువు రాదు, తెలుగు మాట్లాడ్డమే. ఆ అక్షరాలు రానివాళ్లు బొమ్మలను ఎంత శ్రద్ధగా చదువుతారో నాకు ఆ రోజే తెలిసింది.

"ఏందిరా పోశం ఇది?"

"సంపాదకీయం బాపు."

"గా సంపాదన నీకెట్లాగు లేదు. బొమ్మ ఏందని అడుగుతున్న."

"జీవం ఎట్ల మారుకుంట వచ్చిందో చెప్పే చెట్టు. కింద నీళ్లల్ల చేప. చేప నుంచి కప్ప, కప్ప నుంచి తొండ, గట్ల పోంగ పోంగ కోతి. మీద కొసకు టోపీ పెట్టుకున్న మనిషి."

"కుర్సీనామా అనరాదు?"

నిజాం కచేరీల్లో వంశవృక్షాన్ని కుర్సీనామా అనేవారు. కుర్సీ ఉన్నవాడికి నామా, లేనివాడికి నామం. బాపు పత్రికను నా చేతిలోంచి లాక్కుని, ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.

"ఈ సున్నకు బాణం ఏంది?"

"మగ అని సైన్సు గుర్తు."

"ఈ సున్న కింద శిలువ?"

"ఆడ."

"ఊఁ. ఈ చుక్కల గీత?"

"సంబంధం ఉన్నదని అనుమానం, రుజువు లేదని."

"ఓహో! గసొంటి కొమ్మ మీ తాతకు సుత ఒకటుండె. గది మనం పెట్టొద్దు," అన్నాడు బాపు గంభీరంగా. "మరి కొమ్మకొమ్మకు గీ కటార్లెందుకు గుచ్చిండు?"

రెండుసార్లు తప్పినవాణ్ని తెలిసిన ప్రశ్న అడిగితే ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. నేను లేచి కూర్చున్నాను.

"అది అన్నిట్ల పెద్ద గుర్తు బాపు. కటారు పెడితే ఆ జాతి అంతరించినట్టు. దాని తర్వాత ఎవ్వరు లేరు, ఇగ రారు, కొమ్మ ఆడికే ఖతం అని."

"లావల్దు!" అని బాపు తొడ చరుచుకున్నాడు.

లావల్దు అంటే కొడుకులు లేకుండా పోయినవాడు. కుర్సీనామాలో ఆ మాట రాశారంటే ఆ కొమ్మ భూమి పక్క కొమ్మకు పోతుంది. మా ఇంట్లో లావున్నది బాపు, లావల్దు అయినది చిన్నాయన.

"లావల్దు అని ఉర్దూల రాస్తె గీ మరాఠీ సాహెబుకేం సమజైతది? గీ కటారు చూడు, పాణం లేచొచ్చేటట్టున్నది. తెల్లోని సైన్సు! సమ్మన్న పేరు మీద ఒక్కటి పెట్టినమంటే మాట్లాడేదేం లేదు."

తలుపు వెనక అలికిడైంది. సత్తమ్మ చిన్నమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావతో ఎదురుగా మాట్లాడదు. మాట్లాడాల్సి వస్తే మధ్యలో నాలాంటివాడొకడు ఉండాలి. చిన్నమ్మ చెంబు గడప మీద పెట్టింది.

"పోశం, మజ్జిగ సల్లగున్నయి, తాగుమను," అని లోపలికి పోయింది.

బాపు తాగాడు. గుటగుటా తాగి, మీసాలు తుడుచుకుని, ఘుగ్గుస్‌కు మనిషిని పంపించమన్నాడు, పేంటరు కోసం.

నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఆ బొమ్మలో కొసన కూర్చున్న మనిషి తల పక్కన కూడా ఒక చిన్న కటారు ఉంది, దాని పక్కన ప్రశ్నార్థకం ఉంది. అణుబాంబుల కాలం గదా, ఇన్ని జాతులు పోయాక మనిషి మాత్రం ఉంటాడా అని సంపాదకుడి బెంగ. వ్యాసమంతా రాసింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. బాపు అక్కడిదాకా రాలేదు. చిన్నాయన కటారు దగ్గరే ఆయన చదువు పూర్తయింది.

*

పేంటరు ఎర్రయ్య ఘుగ్గుస్‌లో బొగ్గు లారీల వెనక పులులు, తామరపూలు, ప్రేమలో ఓడినవాళ్ల మాటలు రాసేవాడు. తలుపంత రేకు, రంగు డబ్బాలు, కుంచెలు మోసుకుని వచ్చి మా వసారాలో దిగబడ్డాడు. పత్రికలోని బొమ్మను కళ్లకు అద్దుకున్నాడు.

"ఏం గీసిండు పటేలా! గీ సున్న కింద శిలువ ఉన్నది చూడు, చేతద్దం లెక్క మస్తున్నది. పెద్దమనుషుల పక్కపొంటి ఒక్కొక్కటి పెట్టాల్నా?"

"అది అద్దం గాదు ఎర్రయ్యా, ఆడది," అన్నాను.

"తీసెయ్ తీసెయ్! కుర్సీనామాల ఆడదానికేం పని?" అన్నాడు బాపు. "గా బాణమున్నది పెట్టు. డాలు, ఈటె లెక్కున్నది. మనది పటేలు ఖాందాన్."

అట్లా మా వంశంలో ఏడు తరాల మగవాళ్లు మగవాళ్లకే పుట్టారు. ఇది నాగపూర్ కాలేజీలో చెప్పి ఉంటే నన్ను రెండుసార్లు తప్పించినవాళ్లు సిగ్గుపడి ఉండేవారు.

"కింద చేప ఉంచాల్నా పటేలా?"

"మా మూలపురుషుని కాళ్లకాడ చేప ఎందుకురా?"

"వార్ధా ఒడ్డు గదా, ఉండనీ. అందమస్తది."

చేప ఉండిపోయింది. మా మూలపురుషుడు దానిమీద నిలబడి చేపలమ్మేవాడిలా ఉన్నాడు. కొసన నేను. ముఖం నాది, టోపీ పత్రికలో మనిషిది. నా ముఖం గీయడానికి ఎర్రయ్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, లారీ పులికి పెట్టే మీసం నాకు పెట్టాడు. తర్వాత నా చెవి పక్కన చిన్న కటారు, దాని పక్కన కొక్కెం లాంటి ప్రశ్నార్థకం దించాడు.

"గదేంది?" అన్నాడు బాపు.

"డిజైను పటేలా. అస్సలు బొమ్మల ఉన్నది. ఉన్నది ఉన్నట్టు దించుడే నా ఇమాన్."

బాపు తలూపాడు. తన కొడుకు పక్కన పూలున్నా కొక్కేలున్నా ఆయనకు అభ్యంతరం లేదు. ఆయన చూపంతా పక్క కొమ్మ మీదే. దాన్ని ఎర్రయ్య జానెడు గీసి ఆపాడు. చివర 'సమ్మన్న' అని రాసి, ఎర్రటి కటారు గుచ్చాడు. ఆ ఎరుపు లారీల వెనక 'ఆగుము' అని రాసే ఎరుపు.

ఆ సాయంత్రం చిన్నమ్మ వసారా ఊడుస్తూ రేకు ముందు ఆగింది. భూదేవి పక్కన కూర్చుని చీపురుపుల్లతో రంగులో అంటుకున్న ఈగలను ఏరుతోంది.

"పోశం, మీ చిన్నాయన పేరు కాడ గా ఎర్రది ఏంది?"

చెప్పాను. బాపుకు చెప్పినప్పుడు ఉన్న హుషారు ఎటు పోయిందో, నాలుక రంగులో అంటుకున్న ఈగలా అయింది.

"అంటె ఆయన ఎనుక ఎవలు లేరన్నట్టా?"

"అవు చిన్నమ్మా."

"మరి గిది?" అని భూదేవి తల మీద చీపురు పిడి ఆనించింది.

"కుర్సీనామాల బిడ్డలుండరు."

"నేను?"

 చిన్నమ్మ ఎడమచేతి గోటితో ఆ కటారును తాకింది. గోటికి ఎరుపు అంటుకుంది.

"ఆరినంక గీకితె పోతదా?"

"పోదు. నూనె రంగు."

"ఊఁ," అంది. "తిందువు రా, రొట్టె సల్లారుతది."

మరునాటి నుంచి చుట్టాలు దిగారు. కోర్పనా నుంచి మా మేనమామ పోశన్న ముందు వచ్చాడు. ఆయన వెనక ఆయన ఆకలి వచ్చింది. అందరూ రేకు ముందు నిలబడి, అహా అని, నా మీసాన్ని మెచ్చుకుని, కాళ్లు కడుక్కుని పీటల మీద కూర్చునేవారు. ఎదురుగా వంశం, ముందర కంచం.

"బావా, వంశమంటె గిట్లుండాలె. ఎక్కడోళ్లను అక్కడ పెట్టినవు," అనేవాడు పోశన్న మామ. మరుక్షణం వంటింటివైపు తిరిగి, "సత్తమ్మా, ఇంకో రొట్టె! మామిడికాయ తొక్కు సుత తే! నీ చేతుల ఏముందో గాని!" అనేవాడు.

అంతరించిన జాతి రొట్టెలు కొడుతోంది, అభివృద్ధి చెందిన జాతి త్రేన్పులు తీస్తోంది. వేళ్ల సందుల్లో పప్పు కారుతుండగా ఆ వేళ్లతోనే కటారును చూపించి, "గిది మంచిగ కుదిరింది" అనేవారు. చిన్నమ్మ వంగి వాళ్ల కంచంలో నెయ్యి వేసేది. నేను కంచం పట్టుకుని లేచేవాణ్ని. రంగు వాసన వల్ల అనుకుని బయట వేపచెట్టు కింద కూర్చుని తినేవాణ్ని. ఆ వాసన అక్కడికీ వచ్చేది. రంగుకు అంత దూరం నడిచే శక్తి లేదని ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మ రాజమ్మ ఇవన్నీ చూస్తూనే ఉండేది. ఆమె బాపుతో మాట్లాడిన మాటలన్నీ "వస్తున్న", "పెడ్తున్న", "అయితది" అనే మూడే. తోడికోడలి పక్కన కూర్చుని పిండి పిసికేది. ఒకరోజు మాత్రం, "వదినె, నీ పేరు ఏ కొమ్మ మీద?" అని పోశన్న మామ భార్య నవ్వుతూ అడిగితే, "నేను చెట్టు గీసిన రేకు కడుగుతనమ్మా," అంది. ఆమె నవ్వలేదు.

*

నాయబ్ సాహెబు రావలసిన రోజు పొద్దున్నే వచ్చాడు. వరోరా మనిషి, సన్నగా, చేతిరుమాలు మెడ చుట్టూ కాలరులో దోపుకుని, ఎండ మీద కోపంగా ఉన్నాడు. వెంట కోత్వాలు ఎల్లన్న గొడుగు పట్టాడు. ఊరి పెద్దలు వసారా నిండా కూర్చున్నారు. బాపు తలపాగా కొత్తది, మాట పాతది.

"ఆయియే సాహెబ్! చాయ్ తెండ్రా!" అని వంటింటివైపు అరిచాడు.

చాయ్ రాలేదు.

సాహెబు రేకు వైపు చూసి కళ్లు చిట్లించాడు. "హే కాయ్?" అన్నాడు. ఇదేమిటని.

"మేరా లడకా సైన్స్ పఢా హై సాహెబ్. అంతా వాడే చెప్తడు," అని బాపు నన్ను ముందుకు తోశాడు.

నేను చేప నుంచి మొదలుపెట్టాను. చేప దాటి రెండో తరంలో ఉండగా వంటింటి గడపలోంచి సత్తమ్మ చిన్నమ్మ బయటికి వచ్చింది. చేతిలో పగిలిన కుండపెంకు ఉంది. వెనక్కి తిరిగి, గడప లోపలున్న మా అమ్మకు ఆ పెంకు చాచింది.

"అక్కా, నిప్పు."

వసారాలో తలలన్నీ గడప వైపు తిరిగాయి. సాహెబు ఒక్కడే రుమాలుతో విసురుకుంటున్నాడు. ఊరివాళ్లందరికీ తెలుసు ఆమె ఏమి అడిగిందో. బాపు మా అమ్మ వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. దాని ముందు ఎద్దులు కూడా గాడి తప్పవు.

అమ్మ లోపలికి పోయింది. పట్టకారుతో ఎర్రటి నిప్పుకణికలు తెచ్చి, ఒక్కొక్కటీ పెంకులో పెట్టింది.

"జల్దీ పో. గాలికి ఆరుతయి."

అంతే. మళ్లీ లోపలికి పోయి పిండి పిసకసాగింది.

వేపచెట్టు కింద అప్పటికే మూడు రాళ్లు పెట్టి ఉన్నాయి. నేను రోజూ కూర్చుని తినే చోటే. భూదేవి పుల్లలు పెట్టింది. చిన్నమ్మ నిప్పు పోసి ఊదింది. పొగ లేచి మొదట రేకు వైపు వచ్చి, తర్వాత పైకి మళ్లింది.

సాహెబు కాగితం తీశాడు. "పాటీల్, కితీ చులీ?" అన్నాడు. ఎన్ని పొయ్యిలని.

"ఏక్, సాహెబ్. ఏకీచ్."

"మరి ఆ పొగ?"

"అది బర్రెలకు దాణా ఉడుకుతున్నది సాహెబ్," అన్నాడు బాపు హిందీలో, చెమట తుడుచుకుంటూ.

"దాణా గాదు బావా," అంది సత్తమ్మ చిన్నమ్మ. మధ్యలో నేను లేను. తలుపు లేదు. "నేను తినే అన్నం."

ఇన్నేళ్లలో ఆమె గొంతు బాపువైపు రావడం అదే మొదలు. ఆయన జవాబు ఆమెకు చెప్పకుండా నాకు చెప్పాడు. "పోశిగా! సాహెబుకు గా గుర్తు ఏందో చెప్పు. సైన్సు ప్రకారం చెప్పు!"

చెప్పాను. మరాఠీలో, ఊరంతా వినేటట్టు చెప్పాను. "సాహెబ్, ఈ కటారు అంతరించిపోయిన జాతులకు పెడతారు. అట్లాంటివాటి ఎముకలు దొరుకుతాయి, గవ్వలు దొరుకుతాయి, రాళ్లలో అడుగుల గుర్తులు దొరుకుతాయి. మూడు రాళ్లు పెట్టుకుని అన్నం వండుకోవడం మాత్రం సైన్సుకు ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు."

ఎల్లన్న గొడుగు వెనక నవ్వాడు. సాహెబు నవ్వలేదు. లేచి, ఎండలోకి నడిచి, పొయ్యి దగ్గర ఆగి, చిన్నమ్మ పేరు అడిగాడు. భూదేవి పేరు అడిగాడు. ఎల్లన్నను, "ఈ నిప్పు ఎక్కడిది?" అని అడిగాడు. "ఇంటి నిప్పే సాహెబ్, పెద్దకోడలు ఇచ్చింది," అన్నాడు ఎల్లన్న. సాహెబు "దోన్ చులీ", రెండు పొయ్యిలు, అని పైకి అంటూ రాసుకున్నాడు.

వెళ్లబోతూ రేకు ముందు మళ్లీ ఆగి, పైకొసన నన్ను చూపించాడు. "నీ పక్కన కూడా ఉంది కదా, కటారు?"

"అది ప్రశ్న సాహెబ్," అన్నాను. "జవాబింకా రాలేదు."

బాపు అప్పుడే దాన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. ఊరందరి ముందు ఉమ్మేశాడు. ఎవరిమీదో తేల్చుకోలేక తన చెప్పుల మీదే పడేశాడు.

*

రెండో పొయ్యికి పెద్ద తానే గనక చేను చిన్నమ్మకు వచ్చింది. ఆ ఏడు పత్తి ఆమే వేయించింది. బాపు ఆ వేసవి మిగతా అంతా మా అమ్మ వండింది తిన్నాడు. ఆమె ఉప్పు వేయడం మరిచేది. మరిచిందో మానేసిందో మేం అడగలేదు. రేకును మాత్రం ఆయన దించనివ్వలేదు. చుట్టాలు రావడం మానుకున్నాక కూడా దాని ఎదురుగానే కూర్చుని, చప్పిడి పప్పు కలుపుకుని, చిన్నాయన కొమ్మ వైపు చూస్తూ తినేవాడు. పోయేదాకా అంతే.

నాకు పెళ్లి సంబంధాలు కుదిరాయి గానీ నిలవలేదు, తర్వాత కుదరడమూ మానేశాయి. ఇప్పుడు యాభై దాటాయి. కొసకొమ్మ మీద ఇంకో ఆకు వేయలేదు. భూదేవికి ముగ్గురు పిల్లలు. ఆమె పెనిమిటి బల్లార్‌పూర్ మిల్లులో పని చూసుకుంటూ ఇక్కడే ఉంటాడు, చేను ఆమె చూసుకుంటుంది. నేను రెండు పూటలా అక్కడే తింటాను. వేపచెట్టు కింద, అదే పొయ్యి.

బాపు పోయాక, ఆ పొయ్యికి గాలి మరుగు కావాలని చిన్నమ్మ ఆ రేకును తెచ్చి పెట్టింది. పొగకు ఏడు తరాల ఈటెలూ డాళ్లూ మసిబారాయి. చేప కనపడదు. చిన్నాయన కటారు ఎప్పుడో పెచ్చులూడింది. నా మీసం మిగిలింది. నా చెవి పక్క ప్రశ్నార్థకం రాలిపోయి, కటారు ఒక్కటే ఉంది. మంట పెద్దదైతే రేకు వేడెక్కి, ఇన్నేళ్లయినా ఆ రంగు వాసన లేస్తుంది. ముద్ద నోటి దగ్గర ఆగిపోతుంది.

"చిన్నమ్మా, గా రేకు పారెయ్యరాదు? కూడంత కంపు," అంటాను.

"ఉండనీ బిడ్డా," అంటుంది చిన్నమ్మ, రొట్టె తిరగేస్తూ. "గాలికి మంచిగ ఆగుతది. మీ పెద్దమనుషులు గీ ఒక్క పనికన్న వచ్చిండ్రు."